వోగా అన్నది ఎవరి మాట

పెల్లెస్త్రీనా, జూన్ అయిదు

అమ్మా ఓర్నెల్లా, నాన్న దీవెనలు.

తొమ్మిదేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్నది ముందు రాస్తాను. నీ పెళ్లినాడు నీ మొగుడు నర్సీస్ నా పడవలో, ఊరందరి ముందు, మన మాటతోనే నన్ను వెక్కిరించాడు. నేను మరిచిపోలేదు. మేం క్షేమం. నువ్వడిగావు కదా, మీ అమ్మకు దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు.

ఆనాడు నిన్ను ఎక్కించుకోవడానికి అతనూ నేనూ చర్చి మెట్ల దగ్గరికి పడవ తెస్తున్నాం. మనం నిలబడి, పోయే దిక్కు చూస్తూ తెడ్డు వేస్తాం. అతను వాళ్ల కటలోనియా పద్ధతిలో, పోయే దిక్కుకు వీపు పెట్టి చతికిలబడ్డాడు. గట్టు మీద జనం నవ్వారు. ఓర్చుకున్నాను. అంతలో "వోగా! వోగా!" అని అరిచాడు. తెడ్డు వెయ్యమని మా తాత నన్ను అదిలించిన మాట. పరాయివాడికి ఆ మాట ఎక్కడిది? ఎగతాళే అనుకున్నాను.

మొన్న ఆదివారం పడవల పండక్కి పరదేశాల వాళ్లు వచ్చారు. పోర్చుగల్ ఆడవాళ్ల పడవలో ఒక ముసలామె "వోగా!" అని అరుస్తోంది. ఒళ్లు మండి నా పడవతో అడ్డం పోయాను.

"ఏమమ్మా, ఆ మాట నీకెవరు నేర్పారు?"

ఆమెకు మన మాట కొంచెం వచ్చు. "మా తాత. నీకో?"

"మా తాతే!"

"అయితే ఆ తాతలిద్దరూ ఒకే తానులో ముక్కలు. దారియ్యి, ముసలోడా!"

దారిచ్చి, పడవ గట్టుకు కట్టాను. బడి టీచరమ్మ దగ్గరికి పోయాను. స్పెయిన్, ఫ్రాన్సుల్లో కూడా కాస్త అటూ ఇటూగా అదే మాటట. కటలోనియాలో అచ్చం మనలాగేనట. "ఇన్నాళ్లూ తెలీదా బేర్తో బాబాయ్?" అని నవ్వింది. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి, తెలీదు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నర్సీస్ నన్ను వెక్కిరించలేదు. వాళ్ల తాత మాట వాళ్ల తాతలాగే అన్నాడు.

ఇంకొకటుంది. మీ అమ్మకు కూడా చెప్పలేదు. ఆనాడు వోగా అని అరిచిన వెంటనే అతను పెళ్లి బట్టలతో నీళ్లలో పడింది చేతకాక కాదు. వెనక నిలబడ్డ నేను కాలితో పడవ అంచు తొక్కాను. అతను నా వైపు తిరిగే కూర్చున్నాడు. నా కాలు చూశాడు. ఊరంతా చేతకానివాడని నవ్వితే, తడిసి ముద్దై, తనూ నవ్వాడు. ఒక్క మాట అనలేదు.

నీకైనా చెప్పాడా? అందుకేనా తొమ్మిదేళ్లుగా ఈ గడప తొక్కలేదు? చెప్పకపోతే ఈ ఉత్తరం అతని ముందే గట్టిగా చదువు. మీ ఇంటికి నన్ను రానిస్తాడో లేదో ఈ నెల ఇరవై తొమ్మిది, సెయింట్ పీటర్ పండుగ లోపల తెలియాలి. వద్దన్నా సరే. కానీ ఆ మాట అతనే రాయాలి, నువ్వు కాదు.

ఇట్లు,
ఆనాడు నీళ్లలో పడవలసిన మనిషి,
నీ నాన్న
బేర్తో