పాపది ఎవరి పోలిక

అక్కా,

నీ కూతురు శ్రావ్యకు నిన్న మల్కాజ్‌గిరి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. శ్రావ్యను కని నువ్వు వెళ్ళిపోతే, పొత్తిళ్ళలో ఉన్నదాన్ని నేను తెచ్చుకున్నాను కదా. నిన్ను ఎరగకపోయినా అచ్చం నీలాగే చెంపకింద చెయ్యి పెట్టుకుని పడుకుంటుంది. మాట మాత్రం రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన మా ఆయనదే. మన గోదావరి యాస ఒక్క ముక్క కూడా రాలేదు.

పాప ఏడిస్తే, "జెర ఊకో బిడ్డా, ఎందుకు పరేషాన్ అయితవ్?" అని శ్రావ్య ఎత్తుకుని, మన అమ్మ పాడిన జోల అందుకుంది. నా దగ్గర విన్నదే.

ఆస్పత్రి ఆయమ్మ వచ్చి, "పాపది ఎవరి పోలికమ్మా?" అంది.

"మా అమ్మ పోలిక," అంటూ శ్రావ్య నావైపు చూసింది.

పాప గడ్డం మీద ఉన్నది నీ సొట్టే అక్కా. ఆ మాట నువ్వు వినాల్సింది. నీ బదులు నేనే తల ఊపాను.