నేలకు వినపడని మిషను

10 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు మా పీత పాకింది! ముందుకు కాదు, పక్కకు. ఆ పక్కకు జరిగే బుద్ధి పుట్టినప్పటి నుంచీ ఉంది, అందుకే పీత అని పేరు పెట్టాను. రెండోది ఎప్పుడూ వీపు వంచుకుని ముడుచుకుని పడుకుంటుంది. అది రొయ్య. బర్త్ సర్టిఫికెట్‌లో హన్సిక, లాస్య అని ఉంది. ఆ పేర్లతో పిలిస్తే నా వంక కూడా చూడరు.

పెళ్లయిన పదకొండేళ్లకు నా కూతురు శైలజకు కవలలు. నాకు డెబ్బై రెండు. తెప్ప మునిగేటంత చేప పడిన రోజు కూడా ఇంత ఆనందం లేదు. ఎవరికైనా చెబితే మళ్లీ మొదలెట్టాడురా ముసలాడు అంటున్నారు. అందుకని రాసుకుంటున్నాను. చదువు ఐదో క్లాసు. తప్పులుంటే ఉండనీ, దిద్దేవాడెవడు?

12 ఫిబ్రవరి

పీతకు దగ్గు. శ్రీకాకుళం తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఇంట్లో ఎలా ఊడుస్తారని అడిగింది. చీపురుతో అన్నాం. ఆ లేచే దుమ్మే ఛాతీలోకి పోతోందట. మానెయ్యండి అంది.

మానేస్తే ఇసుక ఎక్కడికి పోతుంది? సముద్రం మా గుమ్మానికి కూతవేటు. గాలి వీస్తే ఇసుక వచ్చి కూర్చుంటుంది, చుట్టంలా. తడిగుడ్డ పెడితే కదలదు, టైల్స్‌కు అతుక్కుంటుంది. అది ఉన్నచోటికే పీత వెళ్తుంది. పిడికెడు తీసి నోట్లో వేసుకుంటుంది. పక్కవాళ్ల దగ్గర దుమ్ము పీల్చే గొట్టం మిషను తెచ్చి చూశాం. ఆ హోరుకు ఇద్దరూ ఏడ్చి ఏడ్చి నీలంగా అయ్యారు.

శైలజ ఆర్టీసీ కండక్టరు. మార్చి ఒకటిన డ్యూటీలో చేరాలి. జీతం లేని సెలవు కూడా అయిపోయింది. రొయ్యకు పాలిస్తూ గోడ వైపు చూసి, దగ్గు తగ్గకపోతే ఉజ్జోగం మానేస్తాను నానా, ఇంకేటి సెయ్యను అంది.

నేను గట్టిగా అరిచాను. పిల్లలు లేచారు. అయినా అరిచాను. మానవు. నేను బతికుండగా మానవు.

13 ఫిబ్రవరి

అల్లుడు యుగంధర్ ఫోనులో చూపించాడు. పళ్లెంలా గుండ్రంగా ఉంది. తనే తిరుగుతుంది, తనే ఇసుక మింగుతుంది, దుమ్ము లేపదు. రోబో వాక్యూమ్ అట. నేను కొంటానన్నాను. నా పింఛను నా ఇష్టం. మా అప్ప దాలమ్మ, నా తోడబుట్టిన అక్క, వీధి చివర ఉంటుంది, ఆవిడకు ఈ సంగతి ఎవరు మోశారో, పొద్దున్నే వచ్చేసింది.

ఒరే గంగులూ, కూతురింట్లో తిని తొంగుంతన్నావు, అది సాలదేటి? ఇప్పుడు సీపురు పట్టడానిక్కూడా మర మనిసా? ఆడది ఉజ్జోగం మానేసి ఇంట్లో ఉంటే ఇల్లు అదే సుబ్బరంగా ఉంటాది అంది.

నువ్వు పదేళ్ల నుంచి ఇంట్లోనే ఉన్నావు కదప్పా, నీ ఇల్లెందుకు అలా ఉన్నాది అన్నాను.

కాఫీ తాగకుండా వెళ్లిపోయింది.

15 ఫిబ్రవరి, శనివారం

కొన్నాం! శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పెద్ద కొట్టు. మురళీమోహన్ అనే కుర్రాడు అమ్మాడు. అల్లుడికి మ్యాపు, లేజరు, యాప్ ముఖ్యం. నాకు ఒకటే ముఖ్యం, చప్పుడు. మెలకువగా ఉన్నప్పుడు తిప్పితే పిల్లలు దాని మీద ఎక్కుతారు, బ్రష్షులో వేళ్లు పెడతారు. అందుకని పొద్దున పదికి వాళ్లు పడుకున్నాకే తిప్పాలి. శైలజ డ్యూటీకెక్కాక ఆ టైముకి ఇంట్లో నేనొక్కణ్నే ఉంటాను.

తాతా, ఇది తిరుగుతున్నట్టు కూడా తెల్దు అన్నాడు మురళీమోహన్. నిలబడి విన్నాను. నిజమే. కొట్టు ఫ్యానే దానికంటే గట్టిగా ఉంది.

16 ఫిబ్రవరి, ఉదయం 10:15

నిద్ర లేచిపోయారు. ఇద్దరూ.

16 ఫిబ్రవరి, సాయంత్రం

పక్కగదిలో పెట్టి తలుపు వేసి తిప్పాం. అయినా లేచారు. పీత దగ్గి దగ్గి కక్కింది.

17 ఫిబ్రవరి

అల్లుడు మంచివాడు. మెల్లగా చెప్పాడు, మావా, ఎనక్కిచ్చేద్దాం, ఈ గొడవ మానేద్దాం అని. వెనక్కిస్తాను, మానను అన్నాను.

శైలజ తెల్లకాగితం తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుంది. అది ఏం కాగితమో నాకు తెలుసు.

19 ఫిబ్రవరి

దొరికింది! దొరికింది! అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పిల్లలు కింద పడుకుంటారు, బొంత మీద. మంచం మీద వేస్తే పీత పక్కకు పాకి పడుతుంది, ఒకసారి పడింది కూడా. ఈ రోజు జోకొట్టడానికి నేనూ వాళ్ల మధ్యన పడుకున్నాను. అవతలి గదిలో శైలజ మిషను నొక్కింది. పైకి ఏమీ లేదు. చెవి నేలకు ఆనింది. రుయ్‌య్‌య్ మని ఒకటే మోత! రెండు మైళ్ల అవతల ఇంజను బోటు పోతున్నట్టు!

చేపలు ఎక్కడున్నాయో మేం కంటితో చూసేవాళ్లం కాదు. తెడ్డు నీళ్లలోకి నిలువుగా దించి, పైకొసకు చెవి ఆనించి వినేవాళ్లం. గుంపు గుర్రుమంటుంది కింద. గాలిలో నిలబడి వింటే ఏముంటుంది? అల తప్ప ఏమీ వినపడదు. ఇది మా అయ్య నాకు నేర్పాడు, నాకు పదేళ్లప్పుడు. నలభై ఏళ్లు అలా విని బతికాను.

అలాంటివాణ్ని కొట్లో ఏం చేశాను? టౌను బాబులా నిలబడి విన్నాను! కింద పడుకునే పిల్లల కోసం నిలబడి విని కొన్నాను. బుద్ధి లేదు నాకు. తప్పు మిషనుది కాదు, మురళీమోహన్‌దీ కాదు. నాది.

20 ఫిబ్రవరి

తెడ్డు పట్టుకుని బస్సెక్కాను. అల్లుడు మిషను డబ్బా పట్టుకుని నాలుగు సీట్ల వెనక కూర్చున్నాడు, నేనెవరో తెలియనట్టు. కండక్టరమ్మ మా శైలజ స్నేహితురాలు. తాతా, తెడ్డుకి టికెట్టు కొట్టీమంటావేటి అంది. కొట్టు, అదీ మనిషితో సమానమే అన్నాను. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కొట్లో నవ్వలేదు. డబ్బా విప్పిన సరుకు తీసుకోం అన్నాడు మేనేజరు. సరేనని నేల మీద చతికిలపడ్డాను. తాతా, లెగు, కస్టమర్లు సూత్తన్నారు అన్నాడు మురళీమోహన్. చూడనీ, నేనూ కస్టమర్నే అన్నాను. ఇది కొట్టు తాతా, సంద్రం కాదు అన్నాడు. నాకు రెండూ ఒకటే, తిప్పు అన్నాను.

ముందు మాదే తిప్పించాను. తెడ్డు పలక నేలకు ఆనించి, కొసకు చెవి పెట్టాను. అదే మోత. మేనేజరుని వినమన్నాను. టై పక్కకు జరుపుకుని, మొహం చిట్లించుకుని, వంగి చెవి పెట్టాడు. మొహం మారింది. మళ్లీ పెట్టాడు. తర్వాత మురళీమోహన్‌కు సైగ చేశాడు, మిగతావి తియ్యి అని.

ఒకటి గరగర. ఒకటి పైకి బాగుంది, కింద బండి చక్రాల్లా గడగడ. ఇంకొకటి చప్పుడు లేదు గాని పని అయ్యాక ఛార్జింగుకి వెళ్తున్నానని ఇంగ్లీషులో కేక వేస్తుంది. దాని నోరు మూయించొచ్చా అంటే యాప్‌లో ఏదో వెతికాడు, దొరకలేదు. దాన్ని పక్కన పెట్టించాను. నాలుగోది మూల నుంచి తెచ్చాడు, డబ్బా మీద దుమ్ము. దీనికి లేజరు లేదు తాతా, ఎవుళూ కొనడం నేదు అన్నాడు. గోడకు తగిలి తిరుగుతుంది, గుడ్డి మేకలా. చక్రాలకు మెత్తటి రబ్బరు. తెడ్డు పెట్టాను.

ఏమీ లేదు! పాలు కాగే ముందు గిన్నెలో వచ్చేపాటి చప్పుడు!

చంకలో బిడ్డ ఉన్న ఒకావిడ, తాతా, నానూ ఇంటాను అని తెడ్డు అడిగి తీసుకుంది. మేనేజరు మా పాతది తీసుకుని ఇది ఇచ్చాడు. ఆవిడా అదే కొంది.

అల్లుడు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. తెడ్డు తనే పట్టుకున్నాడు.

21 ఫిబ్రవరి, ఉదయం 11

గంటసేపు తిరిగింది. రొయ్య ఒకసారి మూతి చప్పరించింది, అంతే. పీత కదలలేదు. డబ్బాలో గుప్పెడు ఇసుక! ఆ ఇసుక వీధిలోకి తీసుకెళ్లి, అందరికీ చూపించి పారబోశాను.

ఒక్కరోజుకేటవుతాది నానా అంది శైలజ. కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.

24 ఫిబ్రవరి

దగ్గు రాత్రి రెండుసార్లు. నిన్న ఐదు. మొన్న లెక్కలేదు.

26 ఫిబ్రవరి

శివరాత్రి. వీధి వీధంతా శ్రీముఖలింగం గుడికి బయలుదేరింది. అప్ప పిలిచింది, ఈ ఏడైనా వస్తావా, ఆ మరతోటే కాపరమా అని. రానన్నాను. పదింటికి శైలజ మిషను తిప్పుతుంది గాని, నేను లేకపోతే చప్పుడు ఎవరు వింటారు? స్వామికి కోపం రాదు. వస్తే నాతో మాట్లాడమను.

27 ఫిబ్రవరి

పీత రెండు రోజులుగా దగ్గలేదు. డాక్టరమ్మ ఛాతీ విని, బాగుంది అంది.

మధ్యాహ్నం శైలజ పెట్టెలోంచి ఖాకీ చొక్కా తీసి ఉతికి ఆరేసింది. దండెం పక్కనే కుర్చీ వేసుకుని, అది ఆరేదాకా కూర్చున్నాను. ఎండకు తల తిరిగింది. అయినా లేవలేదు. మెడ పట్టీ చివర బొట్టు బొట్టుగా నీరు కారుతుంటే, నా కూతురు ఇంకా ఉద్యోగంలోనే ఉందని ఎవరికో ఒకరికి కేకేసి చెప్పాలనిపించింది. కాకి తప్ప ఎవరూ లేరు. కాకికే చెప్పాను.

1 మార్చి, ఉదయం 5:40

వెళ్లింది. టికెట్ల మెషీన్ సంచి భుజాన వేసుకుని, ఇద్దరినీ ముద్దు పెట్టుకుని. ఏడవకూడదని పళ్లు బిగబట్టింది. నేను బిగబట్టలేదు, బాగా ఏడ్చాను.

1 మార్చి, ఉదయం 10:20

అప్ప వచ్చింది. కుర్చీలో కూర్చుంది. ఏదిరా నీ మిసను, తిప్పవేటి, గుంటలు లెగుత్తారో నేదో నానూ సూత్తాను అంది.

కాలెత్తప్పా, నీ కుర్చీ కిందే తిరుగుతున్నాది అన్నాను.