కొత్తపట్నం అల, మార్కాపురం గాలి

జూన్ 5, బుధవారం. ఉదయం 5:10

లేచాను! అలారం మోగకముందే!

ఈ డైరీలో ముందు పేజీలు కొన్ని చింపేశాను. (నడక: రెండు రోజులు. తేనె, నిమ్మకాయ: ఒక పూట.) ఈసారి సంగతి వేరు.

తీర్మానం: ఈ నెల 23, ఆదివారం, మా పెళ్ళికి ఇరవై ఐదేళ్ళు నిండే రోజున, కొత్తపట్నం సముద్రంలో అల మీద చెక్క వేసి, చెక్క మీద నేను నిలబడతాను. రెండు కాళ్ళ మీద. గట్టున వసుంధర చూస్తూ ఉంటుంది.

వసుంధర మా ఆవిడ. పుట్టింది చంద్రశేఖరపురం, కాపురం మార్కాపురం. ఇంతవరకు సముద్రం చూడలేదు. పెళ్ళిలో మామగారు ఇత్తడి పళ్ళెంలో నా కాళ్ళు కడిగి పిల్లనిచ్చారు. మూడో రోజున నేను ఆ పిల్లకు మాటిచ్చాను, వచ్చే నెల సముద్రం చూపిస్తానని. సముద్రమంటే నాకు కొట్టినపిండి అని కూడా చెప్పాను. గట్టు దగ్గర నీళ్ళు చప్పగానే ఉంటాయి, ఉప్పంతా లోపలే అని వివరంగా చెప్పాను. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

మొన్న ఫోన్లో ఒక వీడియో చూశాను. ఎవరో పెద్దాయన అల మీద నిలబడి పోతున్నాడు. పొట్ట నాకంటే రెండంగుళాలు ఎక్కువే.

పైగా ఇది జిల్లా పౌరుడిగా నా బాధ్యత. జిల్లా చీల్చినప్పుడు వాడరేవు బాపట్లకు పోయింది, రామాయపట్నం నెల్లూరుకు పోయింది. మిగిలిన సముద్రాన్నయినా వాడుకోవద్దా?

జూన్ 6, గురువారం

యాప్ దించుకున్నాను. ఏ తీరంలో ఏ గంటకు ఎంత అల వస్తుందో వారం ముందే చెబుతుంది! అల ఎన్ని అడుగులు, ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎన్ని సెకన్లు, గాలి ఎటు నుంచి. అన్నీ కుదిరితే ఐదు నక్షత్రాలు.

కావలసినవి:
అల మూడడుగులు.
సెకన్లు పది దాటాలి.
గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీయాలి. అంటే పడమటి గాలి. అంటే మనది! కొత్తపట్నంలో అల నున్నగా లేవాలంటే మార్కాపురం నుంచి గాలి పోవాలి. ఇన్నేళ్ళు ఈ వడగాలిని తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను.

చెక్క కూడా దొరికింది. షట్టరు పెట్టించకముందు మా దుకాణానికి నంబర్లు వేసిన తలుపు చెక్కలు ఉండేవి. అటక మీద పదకొండు ఉన్నాయి. ఏడో నంబరు తీసుకున్నాను. అంకె మా నాయన చేత్తో రాసింది.

జూన్ 7, శుక్రవారం. ఉదయం 6:00

మేడ మీద సాధన. చెక్క మీద బోర్లా పడుకోవాలి. రెండు చేతులతో నీళ్ళు వెనక్కి తోయాలి. అల రాగానే ఒక్క గెంతులో లేచి నిలబడాలి.

6:10. నీళ్ళు తోస్తున్నాను. బాగా వస్తోంది.

6:12. పక్కింటి తులసమ్మగారు వాళ్ళ మేడ మీద నుంచి చూసింది. నాకు మూర్ఛ వచ్చిందనుకుంది. పిట్టగోడ దాటి వచ్చి (మోకాళ్ళ నొప్పులని రోజూ చెప్పే మనిషి!) నా గుప్పిట్లో బీరువా తాళాల గుత్తి పెట్టి, వేళ్ళు గట్టిగా మూసి పట్టుకుంది. వదలమంటే వదలదు. నేను మాట్లాడేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

6:25. వసుంధర వచ్చి విడిపించింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మణికట్టు నొప్పి. రేపు విశ్రాంతి.

జూన్ 9, ఆదివారం. తెల్లవారుజామున 4:30

దుకాణానికి సెలవు. ఇవాళే తొలి ప్రయాణం! 23కి ముందు ఒకసారి వెళ్ళి సముద్రాన్ని పరిశీలించి రావాలని పథకం. వసుంధర మూడింటికే లేచి పులిహోర కలిపింది. సంచి సర్దింది: రెండు తువ్వాళ్ళు, రెండు లీటరు సీసాల నీళ్ళు, నా కళ్ళజోడు పెట్టె.

4:45. యాప్ చూశాను. అల ఒకటిన్నర అడుగు. ఒకే ఒక్క నక్షత్రం. ఇది అలేనా? ఇంత చిన్న అలను చూపించడం వసుంధరను అవమానించడమే. వాయిదా.

7:30. పులిహోర మేడ మీద తిన్నాం. బాగుంది. వసుంధర సంచి విప్పలేదు, తలుపు వెనక కొక్కేనికి తగిలించింది.

జూన్ 10, సోమవారం

నలుగురికీ తెలిస్తే తీర్మానం జారిపోదని ఎక్కడో విన్నాను. దుకాణంలో అమ్ముడుపోని పలకలు ఎన్ని లేవు! ఒకటి గుమ్మానికి వేలాడదీసి రాశాను:

కొత్తపట్నం. అల 2 అడుగులు. 8 సెకన్లు. గాలి తూర్పు. ఇంకా 13 రోజులు.

పెద్దారవీడు నుంచి గొర్రెల నరసింహం పిల్లలకు నోటుపుస్తకాలు కొనడానికి వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అల అంటే ఏమిటో, ఎట్లా లేస్తుందో, ఎట్లా పడుతుందో అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అన్ని నీళ్ళు అట్ల ఊరికే లేచి పడతా ఉంటాయా అన్నా? ఎవురికీ పనికి రాకుండానా?"

నోటుపుస్తకాలు లెక్కపెట్టి ఇచ్చాను.

జూన్ 13, గురువారం

బడులు తెరిచారు. ఊరంతా నా దుకాణంలోనే ఉంది. అట్టలు, పెన్నులు, లేబుళ్ళు. సాధన లేదు. ఇంత పనిలో ఎవరు చేయగలరు?

పలక మాత్రం రోజూ రాస్తున్నాను. అంటే నేను రాయడం లేదు. నా రాత బాగాలేదని వసుంధర రాస్తోంది. నా ఫోన్లో యాప్ కూడా ఆమే చూస్తోంది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, ఎప్పుడు పోతున్నారని. నలుగురికీ చెప్పమన్నవాడు నాకు కనిపిస్తే బాగుండు.

జూన్ 16, ఆదివారం. ఉదయం 4:50

అల ఆరడుగులు! ఆరడుగులంటే నా కంటే ఎత్తు. గాలి తూర్పు. పెళ్ళాన్ని ఇట్లాంటి రోజున గట్టున నిలబెట్టేవాడు మనిషేనా? వాయిదా.

7:30. పులిహోర. మేడ మీద. ఈసారి ఇంగువ ఎక్కువైంది. కావాలనే వేసిందని నా అనుమానం.

జూన్ 18, మంగళవారం

చెక్క లేదు! వెతికి వెతికి మేడ మీద కనుక్కున్నాను. ఏడో నంబరు మీద వరసగా వడియాలు.

అడిగితే, పడమటి గాలి బాగా తిరిగిందని, వడియాలకు ఇంతకంటే మంచి గాలి ఉండదని చెప్పింది. మా నాయన రాసిన అంకె మీద సగ్గుబియ్యం వడియం.

చెక్క లేకుండా సాధన ఎట్లా? నా చేతుల్లో ఏముంది?

(గాలి పడమటిది. సెకన్లు తొమ్మిది. సంగతి మంచిగానే తిరుగుతోంది. ఎందుకో ఆకలి తగ్గింది.)

జూన్ 20, గురువారం. మధ్యాహ్నం 2:15, దుకాణంలో ఎవరూ లేరు

ఈ డైరీ ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను.

సముద్రం నేనూ చూడలేదు.

ఒంగోలుకు నూరుసార్లు పోయి ఉంటాను. సరుకు ఎక్కించుకోవడం, తిరుగు బస్సు ఎక్కడం. చిన్నప్పుడు కంభం చెరువులో కాలు జారి నడుములోతు నీళ్ళలో పడ్డాను. అప్పటినుంచి నీళ్ళంటే భయం. తొట్టి దగ్గర కూడా చెంబుతోనే పోసుకుంటాను. కొత్త పెళ్ళికూతురు ముందు భయమని చెప్పలేక సముద్రం నాకు కొట్టినపిండి అన్నాను. ఆ ఒక్క మాట నిలబెట్టడానికి ఇరవై ఐదేళ్ళుగా ఏదో ఒక అడ్డం వెతుకుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ అడ్డాలు నేనే కల్పించుకోవలసి వచ్చేది. ఇప్పుడు యాప్ ఇస్తోంది, గంటగంటకూ.

ఆమె మాత్రం ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. అదే బాధ.

జూన్ 22, శనివారం. సాయంత్రం 6:00

రేపటి సూచన: అల మూడడుగులు. పదకొండు సెకన్లు. గాలి పడమర. ఐదు నక్షత్రాలు.

మళ్ళీ చూశాను. ఐదే.

ఫోన్ ఆపి తిరిగి వేశాను. ఐదు!

జూన్ 23, ఆదివారం

4:00. పులిహోర వాసన.

4:20. కడుపులో నొప్పి. ఎడమ వైపు.

4:25. కుడి వైపు.

4:35. వసుంధర పట్టుచీర కట్టి, కొక్కెం నుంచి సంచి తీసింది. నేను ఫోన్ చేతిలోకి తీసుకుని, రాత్రికి రాత్రి అంతా మారిపోయిందనీ, అల తొమ్మిదడుగులుందనీ, ప్రాణాలకే ప్రమాదమనీ చెప్పాను.

ఆమె తన ఫోన్ తీసి చూపించింది. అదే యాప్. ఎప్పుడు దించుకుందో!

"అల మూడడుగులే ఉండాది. గాలి మనూరిదే. మీకు భయమైతే భయమని చెప్పండి. సముద్రం మీదకు ఎందుకు నెడతారు?"

నేను చెప్పలేదు. చెప్పడానికి ఒక్క నిమిషం ఉంది, చెప్పలేదు. ఆ నిమిషం అయిపోయాక ఆమె పక్కింటి తలుపు కొట్టింది. తులసమ్మగారు అప్పటికే తయారై ఉంది. ఆమె చేతిలోనూ ఒక సంచి ఉంది. ఇద్దరూ మొదటి బస్సుకు పోయారు.

6:30. కడుపు నొప్పి పోయింది.

8:00. సెలవైనా షట్టరు ఎత్తాను. ఇంట్లో ఉండలేకపోయాను.

8:40. నరసింహం వచ్చాడు. పలక చదివాడు. ఐదు నక్షత్రాలు, ఇంకా 0 రోజులు. నన్ను చూశాడు. ఒక పెన్సిలు కొనుక్కుని పోయాడు. పది తిట్లు తిట్టినా ఇంత అయ్యేది కాదు.

10:15. వీడియో కాల్. ముందు ఆకాశం, తర్వాత తులసమ్మగారి చెవి, తర్వాత నీళ్ళు. ఎంత నీళ్ళు! అంచు కనబడదు. ఆ చప్పుడులో వసుంధర ఏమంటోందో వినబడలేదు. పట్టుచీర మోకాళ్ళ పైకి దోపుకుని నవ్వుతోంది. పెళ్ళిలో కూడా అంతగా నవ్వలేదు. అల వచ్చి ఇద్దరినీ కూలేసింది. ఫోన్ ఆగిపోయింది.

నేను అక్కడ లేను. చేతిలో ఫోన్ పట్టుకుని దుకాణంలో కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం 6:00. వచ్చింది. చెవుల్లో ఇసుక, చెప్పుల్లో ఇసుక. ఎట్లా ఉందని అడిగాను. రేపు చెబుతానంది.

జూన్ 24, సోమవారం. ఉదయం 6:30

షట్టరు ఎత్తడానికి దిగేసరికి పలక మీద వసుంధర రాత:

కొత్తపట్నం. అల మోకాళ్ళ దాకా. గాలి మనూరిదే. ఉప్పు: గట్టు దగ్గర కూడా ఉంది.

బజారంతా చదివేసింది. చెరిపే ధైర్యం లేక పైకి వచ్చాను. నేను సముద్రం చూడలేదని ఎప్పుడు తెలిసిందని అడిగాను. పెళ్ళైన మూడో రోజునే తెలుసంది. చప్పటి నీళ్ళ దగ్గరే దొరికిపోయానట.

ఆ తర్వాత అటక మీద నుంచి ఇత్తడి పళ్ళెం దించింది. పెళ్ళిలో నా కాళ్ళు కడిగినదే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, సంచిలోంచి రెండు లీటరు సీసాలు తీసింది. వెళ్ళేటప్పుడు మంచినీళ్ళు పోసుకుపోయినవి. ఇప్పుడు వాటిలో అడుగున ఇసుక.

"ముందు దీంట్లో పెట్టండి. మీకోసమే మోసుకొచ్చినాను."

పెట్టాను. ఆమె పళ్ళేన్ని కొంచెం ఊపింది. నీళ్ళు వేళ్ళ మీదకు వచ్చి వెనక్కి పోయాయి. భయంగా ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఇరవై ఐదేళ్ళకు బయటకు వచ్చింది ఆ మాట. ఆమె చెయ్యి పట్టుకుంది, తాళాల గుత్తి లేకుండానే.

కొత్త తీర్మానం: ఈ నెల 30, ఆదివారం, మొదటి బస్సు. చెక్క వద్దు (వడియాలు ఇంకా ఎండలేదు). మోకాళ్ళ దాకా చాలు.

ఆదివారం సూచన చూశాం. గాలి తూర్పు, ఒక్క నక్షత్రం. నేను నోరు తెరిచేసరికి వసుంధర పులిహోరకు చింతపండు ఎంత కావాలో లెక్క వేస్తోంది.

7:10. పలక తుడిచి, నేనే రాశాను. రాత బాగాలేదు, అయినా రాశాను:

ఇత్తడి పళ్ళెం. అల అర అంగుళం. గాలి ఫ్యానుది. కాళ్ళు రెండూ లోపలే ఉన్నాయి.