సీటు ఖాళీ అంటున్న బండి

క్రిస్టోఫర్ తమ్ముడూ,

బండి వెనక్కి తీసుకెళ్ళడానికి మనిషిని పంపొద్దు. నువ్వమ్మిన బ్యాటరీ ఫోర్క్‌లిఫ్ట్ బాగానే ఉంది. నేను మదీనాగూడ గోడౌన్‌లో అడుగుపెడితే చాలు, బియ్యం బస్తాలు ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోతోందని, మోటారు కంట్రోలర్ దండగని పొద్దున నిన్ను తిట్టాను కదా. మాదాపూర్ హాస్టళ్ళకు లోడు ఆలస్యమైతే వాళ్ళు ఇంకో కొట్టు చూసుకుంటారు, అదీ నా భయం. బండి తెర మీదేమో సీటు ఖాళీ అని వస్తోంది, బండిలో మా డ్రైవర్ ఓబులేసు కనబడుతున్నాడు. ఎవరిని నమ్మాలి?

మా ఆవిడ వచ్చి చూసి నవ్వింది. "నువ్వు రాంగానే వాడు లేసి నిలబడతాండాడు, సూడు."

ఓబులేసును అడిగాను. "నువ్వు నిలబడుకోనుంటే నేనెట్ల కూచుంటాన్నా?" అన్నాడు. మా ఊరివాడు, మర్యాద ఎక్కువ.

సీటు కింద స్విచ్ తీసేయమని అడగను. మనిషి దిగాక బండి కదలకుండా ఆపేది అదే కదా, ఉండనీ. ఎంత చెప్పినా ఓబులేసు సగమే కూర్చుంటున్నాడు, దానికి బండి ఒప్పుకోవడం లేదు. చివరికి నేనే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాను. నేను కూర్చుంటే వాడూ కూర్చుంటాడు, బస్తాలు కదులుతున్నాయి.

మీ కంపెనీవాళ్ళతో చెప్పి బండి పుస్తకంలో ఒక్క ముక్క రాయించు: ముందు ఓనరు కూర్చోవాలి.

లోడు వచ్చింది, కూర్చోవడానికి పోతున్నా.

మీ అన్న