తప్పు ఎక్కడ మొదలైందో చెప్పే లైను

చిరంజీవి తమ్ముడికి, పెద్దక్క దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నువ్వూ, మరదలూ, పాపా చల్లగా ఉండాలని దేవుడికి చెప్పుకున్నాకే మెయిలులో ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నువ్వడిగినవి ముందు. మీ బావ కంటికి కట్టు విప్పారు. ఇప్పుడు గోడ మీది మరకలన్నీ కనిపిస్తున్నాయట, నన్ను కూర్చోనివ్వడం లేదు. పాపకు స్వెట్టరు చేతులు పొట్టివైతే పంపించు, విప్పి మళ్ళీ అల్లుతాను.

"ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నావు, ఆఫీసులో ఏమైంది?" అని రాశావు. దానికి ఈ రోజే జవాబు చెప్పగలను.

మా టెస్టరు నీకు తెలుసు, పేచీకోరు. ప్రోగ్రాములకు తప్పుడు సంకేతాలు పంపి విసిగించడమే అతని ఉద్యోగం. పోయిన నెల నా బల్ల దగ్గరికొచ్చి, "అక్కా, మన వైఫై కోడులో ఒకాయన ఇల్లు ఖాళీ చేశాక కూడా పాత తాళంచెవితో వచ్చి సామాను సర్దుతున్నాడు" అన్నాడు.

చూస్తే నిజమే. చుట్టుపక్కల వైఫైలను వెతుకుతూ మధ్యలో ఆపేస్తే, ఆ పనికిచ్చిన మెమొరీని వెనక్కి తీసేసుకుంటున్నాం. ఆలస్యంగా వచ్చిన జవాబు మాత్రం ఆ పాత చోటులోనే రాస్తోంది. అప్పటికి అక్కడ ఇంకెవరి సమాచారమో ఉంటుంది. కిటుకు తెలిసినవాడు పక్కగదిలో కూర్చుని, ఫోను ముట్టుకోకుండానే దాన్ని తన చేతిలోకి తీసుకోవచ్చు.

సరిచేయడం పెద్ద పని కాలేదు. రావలసిన జవాబులన్నీ రద్దయ్యాకే మెమొరీ వదలాలి, అంతే. పరీక్షించడానికే రోజులు పట్టాయి.

ఇక ఇన్నాళ్ళూ దాచింది. ఆ కోడు నువ్వు ఇక్కడ పనిచేసినప్పుడు రాసిందే.

సవరణ కింద, తప్పు ఏ మార్పుతో మొదలైందో ఒక లైను రాస్తాం కదా. ఆ కోడు ఎవరైనా చూడగలిగేదే కాబట్టి, అది నొక్కితే అందరికీ నీ పేరు కనిపిస్తుంది. మా మేనేజరు అమ్మాయి తలుపు దగ్గరగా వేసి మరీ అడిగింది: "ఆ లైను తీసేద్దామక్కా. సొంత తమ్ముణ్ణి బజారుకీడ్చడం దేనికి? ఇప్పుడున్న కంపెనీలో అతన్ని భద్రతా జట్టుకు పెద్దను చేసేలా ఉన్నారు కూడాను."

"పాత వెర్షన్లు చూసుకునేవాళ్ళు ఆ లైను చూసే కదమ్మా, ఎంత వెనక్కి సరిచేయాలో తెలుసుకునేది. అది లేకపోతే పాత ఫోన్లన్నీ అలాగే ఉండిపోతాయి."

"మీ గుండె రాయి, అక్కా."

"కాదమ్మా" అని మాత్రం అన్నాను.

లైను ఉంచాను. లోపాన్ని ప్రకటించేదాకా బయట ఎవరికీ చెప్పకూడదు, అందుకే నీకూ చెప్పలేదు. ఈ ఉదయం బయటపెట్టారు. నీ పదోన్నతి మాట తేలకముందే ఇలా అయింది. మీ పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదు. వాళ్ళ కంటబడకముందే నువ్వే వెళ్ళి చెప్పు.

కోపం వస్తే ఫోన్ చేసి తిట్టు, వింటాను. కానీ ముందు ఒక పని ఉంది. అన్నిటికంటే పాత వెర్షనులో ఆ భాగం వేరేగా ఉంది, నా సవరణ అక్కడ నేరుగా అతకడం లేదు. అతికేలా మార్చి దీనితో పంపుతున్నాను. ఆ కోడు నీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ వెర్షనున్న ఫోన్లకు ఇంకా రక్షణ లేదు కాబట్టి ఈ రోజే చూడు. తప్పుంటే మొహమాటపడకు. సరిగ్గా ఉంటే, పరిశీలించినవారి దగ్గర ఖాళీ వదిలాను, నీ పేరు రాయి.

ఇట్లు,
నీ పెద్దక్క