బూటులో తేలు

ఆదివారం, అన్నం తిన్నాక.

పక్క చేను ఓబులేసును రక్తపింజర కరిచిందని, మా అల్లుడు ప్రొద్దుటూరు నుంచి నాకు రబ్బరు బూట్లు తెచ్చిచ్చాడు. పిరికి నాయాలు! పుట్టినప్పటి నుంచి ఒట్టి కాళ్లతో తిరిగినోడికి బూట్లా? కొట్టంలో మూలకు విసిరేశాను. ఈ పొద్దు తీసి దులిపితే నల్లతేలు పడింది.

"చూస్తివా, నీ అల్లుని తెలివి! తేలుకు ఇల్లు కట్టిచ్చినాడు" అని నవ్వాను.

నా పెండ్లాం లక్ష్మమ్మ నవ్వలేదు. "నువ్వు రోజూ తొడుక్కోని ఉంటే అది యాడ దూరేది? రేపు పసుపుకు నీళ్లు కట్టేదానికి నేనే పోతా. నువ్వు ఇంట్లో కూసో" అని బూట్లు తన మంచం కింద పెట్టుకుంది.

పెండ్లాం బూట్లేసుకుని చేనుకు పోతే ఊరు నన్ను చూసి నవ్వదా? అది లేవకముందే ఆ దరిద్రపు బూట్లు నేనే తొడుక్కుని పోవాలి. దులుపుకుని.