హాస్యం పక్క ఖాళీ

శివనగర్, వరంగల్
నవంబరు, 1982

ప్రియమైన బామ్మర్ది రాయమల్లుకు,

నీ బావ వెంకట్రాజం కోపంగా రాస్తున్న ఉత్తరం ఇది. క్షేమం సంగతి తర్వాత అడుగుతాను, ముందు ఈ మాటకు జవాబు చెప్పు. బతుకమ్మ పండుగకు అత్తగారింటికి పోయొస్తానని ములుగు బస్సెక్కినవాడివి ఇంకా ఎందుకు రాలేదు? నీ గుమ్మెట మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. మీ అక్క పూలమ్మ దాన్ని చూసినప్పుడల్లా తిరిగి నా మొహం చూస్తోంది, నేనే నిన్ను తరిమేసినట్టు. పాలంపేటలో నీ వంతు కల్లు కూడా నేనే తాగేశాననా? తాగాను. తప్పే. దానికి ఇన్నాళ్లు అలుగుతారటయ్యా ఎవరైనా!

బుర్రకథకు ముగ్గురు కావాలని నీకు నేను చెప్పాలా? నడుమ తంబుర పట్టుకుని మొగిలయ్య మామ కథ నడపాలి. ఒక పక్క నేను రాజకీయం చెప్పాలి, ఇంకో పక్క నువ్వు హాస్యం చెప్పాలి. కథలో రాజు పన్ను వేశాడనుకో, "గిప్పటి సర్కారు గూడ గిట్లనే గద మామా" అని నేను అందుకోవాలి. వెంటనే నువ్వు నా మాట పట్టుకుని నా పరువు తీయాలి. జనం నవ్వాలి. పన్నెండేళ్లుగా ఇదే కదా మన బతుకు.

ఇప్పుడు ఎలక్షన్లు వస్తున్నాయి. సినిమా ఆయన కొత్త పార్టీ పెట్టిన సంగతి అక్కడికీ చేరే ఉంటుంది. సినిమావాళ్లలో ఎవరు ఇటు, ఎవరు అటు అని పేపర్ల నిండా అదే గోల. ఆ గాలి మన దాకా వచ్చింది. కొత్త పార్టీవాళ్లు మామ ఇంటికొచ్చి ఊరూరా కథ చెప్పమన్నారు. మర్నాడే పాత పార్టీవాళ్లూ వచ్చారు. మామ ఇద్దరికీ సరేనన్నాడు! అదెట్ల కుదురుతుందంటే, "ఊర్లు వేరే, జనం వేరే. నీకెందుకుర ఫికర్?" అన్నాడు.

నాకు తల తిరుగుతోంది. ఇవాళ పొగిడినవాళ్లను రేపు తిట్టాలి. నువ్వు పక్కనుంటే ఏదో ఒకటి అని కడిగేసేవాడివి. తొందరగా రా.

తిట్టినా నీకోసమే చూస్తుండే
బావ వెంకట్రాజం


ములుగు దగ్గర, అత్తగారి ఊరు
నవంబరు, 1982

ప్రియమైన బావకు,

నా వంతు కల్లు నువ్వు తాగిన సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఇప్పటి నుంచి అలుగుతాను.

ఇక్కడ అందరం బాగున్నాం. వరి కోతలు నడుస్తున్నాయి. మా ఇంటిది కట్టమ్మ కూలికి పోతోంది, నేనూ పోతున్నాను. నా గొంతు బాగాలేదు బావా, రాలేను. హాస్యానికి ఇంకెవరినైనా చూసుకోమని మామకు చెప్పు. అక్కకు ఏడవొద్దని చెప్పు.

ఒక్క మాట అడుగుతాను. ఇన్నేళ్లు స్టేజీ మీద రాజకీయం చెప్పింది నువ్వే. ఎన్నడైనా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక, ఇందాక చెప్పింది నిజమేనా అని అనుకున్నావా? అసలు నీది ఏ పార్టీ బావా? నవ్వించడానికి అడగటం లేదు.

నీ బామ్మర్ది
రాయమల్లు


శివనగర్, వరంగల్
డిసెంబరు, 1982

ప్రియమైన రాయమల్లుకు,

నాది ఏ పార్టీ అని అడుగుతావా! నీ ఉత్తరం చదివాక నాకు నిద్ర లేదు. పూలమ్మను అడిగాను, "మనది ఏ పార్టీనే?" అని. "ముందుగాల అన్నం తిను" అన్నది. ఇంట్లో తేలిన సంగతి అంతవరకే.

నీ జాగాలో మామ కట్టయ్యను పెట్టాడు. మంచివాడే, కానీ జోకు మరిచిపోతాడు. కథ రెండు మలుపులు తిరిగాక గుర్తొచ్చి అప్పుడు చెప్తాడు. జనం నవ్వకపోతే పోయె, అసలు గండం వేరే ఉంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో కొత్త పార్టీ కోసం కథ చెప్పి దిగానో లేదో, ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పినంక ఇగ మా ఇంటిల్లిపాది ఓట్లు అటే బిడ్డా" అన్నాడు. ఇదివరకు నేను ఎంత చెప్పినా నువ్వు సగం తీసేసేవాడివి. జనం నవ్వుకుంటూ పోయి, తమ బుద్ధికి తోచినట్టు చేసేవాళ్లు. ఇప్పుడు తీసేసేవాడు లేడు. నా నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే నిలబడుతోంది.

తర్వాత హన్మకొండలో పాత పార్టీ కోసం చెప్తుంటే ముందు వరసలోంచి ఒకడు లేచాడు. ఘన్‌పూర్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మేవాడట. "మొన్న గట్ల చెప్తివి, గిప్పుడు గిట్ల చెప్పవడితివి. గిండ్ల ఏది నీ మాట?" అన్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. కట్టయ్య గాభరాపడి గుమ్మెట వాయించాడు కాబట్టి బతికిపోయాను. ఇంకో చిత్రం చెప్పనా? మీ దిక్కు బీడీల తునికాకు కాంట్రాక్టరు రెండు మీటింగుల్లోనూ ముందు కుర్చీలోనే ఉన్నాడు. రెండుచోట్లా చప్పట్లు కొట్టాడు. వాణ్ని చూసి కాస్త ధైర్యం వచ్చింది, నాలాంటివాడు ఇంకొకడున్నాడని. వెంటనే సిగ్గేసింది.

అది పోనీ. ములుగు బస్సు కండక్టరు ఒక మాట చెప్పాడు. నువ్వు ఎవరో కూలి సంఘంవాళ్లతో తిరుగుతున్నావట, పోలీసులు పేర్లు రాసుకుంటున్నారట. నిజమేనా? అడవి దారి గాని పట్టావా? మీ అక్క ముద్ద ముట్టడం లేదు. నా పార్టీ ఏదో అడగటం కాదు, ముందు నీది చెప్పు.

నీ గురించి భయపడి చస్తున్న
బావ


అత్తగారి ఊరు
డిసెంబరు, 1982

ప్రియమైన బావకు,

అక్కకు అన్నం తినమని చెప్పు. నేను అడవిలోకి పోలేదు. సంఘం జెండా పట్టుకుని పట్టపగలు రోడ్డు మీదే తిరుగుతున్నాను. మా సంఘం మనిషి ఎలక్షన్లలో నిలబడ్డాడు.

నా గొంతుకు ఏమీ కాలేదు. నీతో అబద్ధం చెప్పాను. పండుగ ముందు మొగిలయ్య మామ నన్ను పక్కకు పిలిచి, "తునికాకు తెంపే ఆడోళ్ల మీద జర హాస్యం కట్టురా, కాంట్రాక్టరు ఖుషీ అయితడు" అన్నాడు. మా అత్త సమ్మమ్మ ఎండాకాలమంతా ఆకు తెంపే మనిషే. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెచ్చి, కట్టలు కట్టి కల్లానికి మోసుకుపోతుంది. అక్కడ లెక్కపెట్టే కల్లేదారు, ఇది చిన్నది, ఇది చిల్లులది అని కొన్ని కట్టలు పక్కకు విసిరేస్తాడు. వాటికి కూలి లేదు. పొద్దుగూకాక అవే కట్టలు వాడే ఏరుకుని మంచి ఆకులో కలిపేస్తాడు. దాని మీద నేనేం హాస్యం కట్టాలి బావా? మామతో ఏమీ అనలేక బస్సెక్కాను. నీకు చెప్తే నువ్వూ మామతో కొట్లాడి పని పోగొట్టుకుంటావని చెప్పలేదు.

ఇప్పుడు అసలు బాధ విను. సంఘంవాళ్లు నన్ను మాట్లాడమన్నారు. జన్మలో మొదటిసారి ఒక మాట మనసారా నమ్మి మైకు ముందుకు పోయాను. "అక్కలారా" అన్నాను. అంతే, నవ్వారు! కట్టలు విసిరేసే సంగతి చెప్పాను, ఇంకా నవ్వారు. నాకు దుఃఖం ఆగలేదు. మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని, "ఎంత మంచిగ ఏడుస్తాండు సూడుండ్లి మా అల్లుడు!" అన్నది. ఇన్నేళ్లుగా వాళ్లు నన్ను చూసింది నవ్వడానికే కదా, వాళ్ల తప్పేముంది.

నేను నమ్మి చెప్తే నవ్వుతున్నారు. నువ్వు నమ్మకుండా చెప్పినా నమ్ముతున్నారు. ఒక్కసారి వచ్చి నా మాట నువ్వు చెప్పవా? కాళ్లు పట్టుకుంటాను.

నీ రాయమల్లు


శివనగర్, వరంగల్
డిసెంబరు, 1982

ప్రియమైన బామ్మర్దికి,

రానని రాసి ఒక కార్డు చింపేశాను. వస్తానని రాసి ఇంకోటి చింపేశాను.

మీ సంఘం మంచిదో చెడ్డదో నాకు తెలియదు. తెలియని మాట చెప్పి ఇంకో ఊరి ఓట్లు మెడకు వేసుకోలేను. ఆ మాటే అంటే పూలమ్మ గయ్యిమంది, "ఇన్నొద్దులు తెలిసే చెప్పినవా?" అని.

వస్తాను. కానీ రాజకీయం చెప్పను. అది నువ్వే చెప్పు, నేను హాస్యం పక్కన నిలబడతాను. నేను జోకులేస్తుంటే జనానికి తికమకై నీ మాట వింటారేమో. నడుమ మామ లేని కథ ఎట్లుంటుందో దేవుడికి తెలియాలి. మామకు చెప్పకుండా వస్తున్నాను.

బావ


శివనగర్, వరంగల్
జనవరి, 1983

ప్రియమైన రాయమల్లుకు,

ఆ సాయంత్రం కథ కాగానే బస్సెక్కేశాను, నీతో మాట్లాడే ధైర్యం లేక. నా ఆలోచన బెడిసికొట్టింది కదా. నువ్వు రాజకీయం చెప్తే జనం విరగబడి నవ్వారు. నేను హాస్యం చెప్తే ఒక్కరూ నవ్వలేదు. మూతి వంకర పెట్టాను, పడ్డట్టు చేశాను, దెబ్బ తగిలిందా అని పరామర్శించారు!

ఇక చెమటలు పట్టి ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. "మా కల్లేదారసొంటి పొదుపరి ఉండడుల్లా! పొద్దున పారేసిన కట్టలు పొద్దుగూకినంక ఆయనే ఏరుకుంటడు. అడివితల్లిది ఒక్క ఆకు గూడ ఖరాబు గానియ్యడు" అన్నాను. జోకే కదా అది? నేను జోకనే అన్నాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మీ అత్త కొంగు కిందికి దించింది.

ఆ ముక్క మామ నేర్పింది కాదు, నువ్వు రాసిచ్చింది కాదు. మధ్యాహ్నం మీ అత్త అన్నం వడ్డిస్తూ ఆ సంగతే చెప్తుంటే నేను ఊ కొట్టాను, అంతే. స్టేజీ మీద నా అంతట నేను అన్న మాట ఇదొక్కటే అనుకుంటా. ఎట్ల వచ్చిందో ఎంత ఆలోచించినా అంతుబట్టడం లేదు.

మామ నన్ను తీసేశాడు. కొత్త పార్టీవాళ్లు నన్ను పాత పార్టీ మనిషంటున్నారు, పాతవాళ్లు కొత్త పార్టీ అంటున్నారు, పోలీసులొచ్చి సంఘం మనిషివా అని అడిగిపోయారు. మీవాడికి డిపాజిట్ కూడా రాలేదట, పేపర్లో చూశాను. కాంట్రాక్టరు గెలిచినవాళ్ల ఊరేగింపులో రంగు చల్లుకుంటూ పోయాడు. నేను మాత్రం ఓటు ముద్ర చేత్తో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానంటే, వెనకవాళ్లు తిట్టారు. వేశాను. సరిగ్గా వేశానో లేదో ఇప్పటికీ తెలియదు.

నీకు ఏ పనికీ రాకపోయాను. ఏమనుకోకు.

బావ వెంకట్రాజం


అత్తగారి ఊరు
మే, 1983

ప్రియమైన బావకు,

ఇన్ని నెలలు ఉత్తరం రాయనందుకు నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. ఓడిపోయాక నాకు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. నిన్న జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

తునికాకు కల్లం మొదలైంది. కల్లేదారు ఎప్పటిలాగే మా అత్త కట్టలు కొన్ని తీసి పక్కకు విసిరాడు. ఆమె పోయి ఆ కట్టల పక్కన చతికిలబడింది. "పొద్దుగూకేదాంక కూసుంట. గివి నువ్వే ఏరుకుంటవట గద, మా వెంకట్రాజం చెప్పిండు. ఏరుకునేదేదో ఇప్పుడే ఏరుకొని లెక్క రాస్కో" అన్నది. వాడు పకపకా నవ్వాడు. "అది బుర్రకథోడు ఏసిన జోకు ముసలీ!" అన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు బావా. రాజక్క వచ్చి కూర్చుంది, సోమక్క వచ్చి కూర్చుంది, తర్వాత కల్లమంతా కూర్చుంది. కట్టల లెక్క ఆగిపోయింది. ఎండ నెత్తికెక్కేసరికి వాడి నవ్వు పోయింది. విసిరేసినవన్నీ తెచ్చి లెక్కలో రాసుకున్నాడు.

నేను ఏడ్చి చెప్పినా కానిది నీ పాడు జోకుకు అయింది. నిజం చెప్పాలంటే నీ మీద కుళ్లు పుట్టింది. తర్వాత ఒక్కణ్నే చెట్ల వెనక్కి పోయి నవ్వాను. ఎన్నాళ్లయిందో నేను నవ్వి!

గుమ్మెట దించి తోలు ఎండలో పెట్టు, వస్తున్నాను. మామ రాకపోతే మానె, తంబుర అక్కకిద్దాం. ఆమె గయ్యిమంటే మామే నడుమ నిలబడ్డట్టు ఉంటుంది. ఈ ఊరి కథే చెప్దాం. నువ్వు నీ రాజకీయం పక్కనే నిలబడి తోచింది చెప్పు, నేను తీసేయగలిగినంత తీసేస్తాను, మిగిలింది జనానిది. హాస్యం పక్క మాత్రం నాది, మళ్లీ అటు వస్తే ఊరుకోను.

నిన్న మా అత్త అడిగింది, "ఇంతకు మీ బావది ఏ పార్టీరా?" అని. ఆయనకే తెలియదన్నాను. "తెల్వకున్నా మంచిదే, మల్ల ఒకసారి రమ్మను" అన్నది.

పాలంపేట కల్లు బాకీ మరిచిపోని
నీ బామ్మర్ది రాయమల్లు